ఆటీను రాజు గొడ్డలి ఏమైంది?

పెడన: పేకాట రాయుళ్ళు పట్టుబడ్డారన్న వార్త ఈ పేజీలో తరచు వచ్చేదే. ఇంతమంది, ఇంత నగదు అని రాస్తాం. పేకముక్కలు స్వాధీనం అని చివర ఒక మాట వేస్తాం. ముక్కల సంగతి అంతటితో సరి. ఈసారి ఆటగాళ్ళను పోలీసులకే వదిలేసి ముక్కల సంగతి చూద్దాం. వాటి వెనుక అచ్చుచెక్కల పని ఉంది, రంగుల పని ఉంది, ఒక మనిషి ఉరికంబం ఎక్కిన కథ కూడా ఉంది. అచ్చుచెక్కల పని అంటే పెడన వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు గదా.

ఇంట్లో పేక ఉంటే ముందుగా ఆటీను రాజును బయటకు తీయండి. మిగతా ముగ్గురు రాజులకూ మీసాలున్నాయి, ఇతనికి లేవు. చేతిలో కత్తి ఉంది గాని అది శత్రువు మీదికి ఎత్తినట్లు ఉండదు, తన తలలో తానే పొడుచుకుంటున్నట్లు ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు ఇతనికి 'ఆత్మహత్య చేసుకునే రాజు' అని పేరు పెట్టారు. రాజుగారికి అంత కష్టం ఏమొచ్చిందని కథలు అల్లినవాళ్ళూ ఉన్నారు. అవేవీ నిజం కావు. పాత ముక్కల్లో అతని చేతిలో ఉన్నది కత్తి కాదు, గొడ్డలి. ఆ గొడ్డలి తల అచ్చు చెక్కేవాళ్ళ చేతుల్లో పోయింది. ఎలా పోయిందో తెలియాలంటే పూర్వం పేకముక్కను చేత్తో ఎలా చేసేవారో తెలియాలి.

మన నోట వలందా మాటలు

బందరులో వలందపాలెం ఉంది. వలందా అంటే హాలెండు. అక్కడి డచ్చివాళ్ళు 1605లో మన మచిలీపట్నం రేవుకు వచ్చి వ్యాపారం పెట్టారు. వాళ్ళ సమాధులు బందరులో ఇప్పటికీ ఉన్నాయి. డచ్చి భాషలో పేకలోని గుండె గుర్తును హార్టెన్ అంటారు. మూడాకుల గుర్తును క్లావెరెన్ అంటారు. మనం ఆటీను అంటున్నది ఆ హార్టెన్‌నే, కళావరు అంటున్నది ఆ క్లావెరెన్‌నే. క్లావెర్ అంటే వాళ్ళ దేశంలో పశువులు మేసే ఒక రకం మూడాకుల గడ్డి. డచ్చివాళ్ళు పోయి, ఇంగ్లీషువాళ్ళు వచ్చి, వాళ్ళు కూడా పోయినా రచ్చబండ దగ్గర మాత్రం హార్టు, క్లబ్బు అనే మాటలు నిలవలేదు. చదువు రాని ముసలివాళ్ళు కూడా తమకు తెలియకుండానే డచ్చి మాటలు పలుకుతున్నారు.

పేరు డచ్చిది, బొమ్మ మాత్రం ఫ్రాన్సుది. ఫ్రాన్సులో రువాన్ అనే ఊరు ఉంది. పదహారో శతాబ్దంలో అక్కడి పనివాళ్ళు పేకముక్కలు చేసి ఇంగ్లండుకు పంపేవారు. 1567 ప్రాంతంలో పియెర్ మరెషాల్ అనే రువాన్ పనివాడు చేసిన ముక్కలు కొన్ని నేటికీ మిగిలి ఉన్నాయి. ఇప్పుడు కిరాణా కొట్లో మనం కొనే పేకలోని రాజులు, రాణులు, జాకీలు ఆ రువాన్ బొమ్మల సంతతే.

అంతకు ముందు మాత్రం పేక యూరపుది కాదు. తూర్పు దేశాల నుంచి ఈజిప్టు మీదుగా అక్కడికి చేరింది. 1377లోనే ఇటలీలోని ఫ్లారెన్స్ నగరం ఈ ఆటను నిషేధించింది. అంటే ఆట వచ్చిన కొద్ది కాలానికే నిషేధం కూడా వచ్చిందన్నమాట. మన దేశానికి వేరే పేక ఉండేది. గంజీఫా అని గుండ్రటి ముక్కలు. బాబరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో వాటి ప్రస్తావన చేశాడు. నిర్మల్‌లోను, ఒడిశాలోను, మహారాష్ట్రలోని సావంత్‌వాడిలోను వాటిని చేసేవారు. అవి ఒక్కొక్కటి కుంచెతో చిత్రించినవి. అచ్చుతో వందలకొద్దీ తీసే పని యూరపువాళ్ళది. ఇక్కడ మనం చూస్తున్నది ఆ అచ్చు పని.

మైదా బంకతో మొదలు

ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా పూసగుచ్చినట్లు రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడు. దుహమెల్ దు మోన్సో అనే ఫ్రెంచి పండితుడు 1762లో పేకముక్కల పనివాడి విద్య మీద ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. చేతివృత్తుల మీద పండితులు పుస్తకాలు రాయడం ఆ రోజుల్లో అక్కడ ఒక పెద్ద కార్యక్రమంగా సాగింది. ఆ పుణ్యమే నేడు ఈ పని మనకు తెలియడం.

పేకముక్క ఒక్క కాగితం కాదు. మూడు నాలుగు కాగితాలు అతికించి చేసిన అట్ట. బొమ్మ వచ్చే వైపు మంచి తెల్ల కాగితం, వీపు వైపు మరొక మంచి కాగితం, మధ్యలో ముతక బూడిదరంగు కాగితం పెట్టేవారు. మధ్య కాగితం ముతకగా పెట్టడం పిసినారితనం కాదు. దీపం ముందు పట్టుకుంటే ఎదుటివాడికి ముక్క కనపడకూడదు గదా! అప్పటి కాగితం కూడా పాత గుడ్డపీలికలను నానబెట్టి దంచి తీసినదే.

అతికించడానికి పిండి ఉడకబెట్టిన బంక వాడేవారు. మన ఊళ్ళలో సినిమా పోస్టర్లు అంటించే బంకలాంటిదే. పెద్ద కుంచెతో బంక పూసి, కాగితం మీద కాగితం వేసి, దొంతి పెట్టి, మర కింద బిగించేవారు. నీరు కారిపోయాక, బంక పూర్తిగా గట్టిపడక ముందే ఒక్కొక్క అట్టను విడదీసి, గదిలో తాళ్ళకు వేలాడదీసి ఆరబెట్టేవారు.

ఇక అచ్చు. బేరిచెట్టు కలప వంటి నున్నటి చెక్క మీద రాజు, రాణి, జాకీ బొమ్మలను వరుసగా చెక్కేవారు. చెక్కేది గీతలు మాత్రమే. గీత ఉన్నచోట చెక్క నిలుస్తుంది, మిగతాదంతా తవ్వి తీసేస్తారు. పెడనలో టేకు దిమ్మె మీద పువ్వు చెక్కే పనివాడికి ఈ విద్య తెలుసు. సిరా అంటే దీపపు మసిని బంకలో నానబెట్టినది. అచ్చుకు సిరా పూసి, దాని మీద తడి కాగితం పరిచి, వీపు మీద గట్టి ఉండతో రుద్దేవారు. ఆ ఉండ గుర్రపు వెంట్రుకలతోనో బట్ట అంచుల పీలికలతోనో చేసింది. ఇక్కడే మన అద్దకానికీ వాళ్ళ పనికీ తేడా. మనవాళ్ళు అచ్చును చేత పట్టి బట్ట మీద కొడతారు. వాళ్ళ అచ్చు కదలదు, కాగితమే దాని మీదికి వస్తుంది.

బస్తా మీద మిల్లు పేరు వేసినట్లు

రెండో తేడా రంగులో ఉంది. కలంకారీ అద్దకంలో గీతకు ఒక దిమ్మె, రంగు రంగుకూ వేరే దిమ్మె ఉంటాయి. పేక పనివాళ్ళకు దిమ్మె గీతకే. రంగుకు వాళ్ళు వాడింది కత్తిరించిన కాగితం. రైసుమిల్లులో గోనె బస్తా మీద మిల్లు పేరు వేసే రేకును చూశారు గదా. అక్షరాల మేర ఖాళీ వదిలిన రేకును బస్తా మీద పెట్టి రంగు పులిమితే పేరు దిగుతుంది. అదే పద్ధతి. కాగితానికి నూనెరంగు పట్టించి బిరుసు చేసి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్కటి కత్తితో కోసేవారు. పసుపు పడవలసిన చోట్ల ఖాళీ ఉన్నది ఒకటి, ఎరుపుకు మరొకటి. ఇలా పసుపు, బూడిద, ఎరుపు, నీలం, నలుపు ఐదు రంగులు ఐదుసార్లు వేయాలి. ఎరుపుకు ఇంగిలీకం, నీలానికి నీలిమందు, నలుపుకు మసి. పసుపు ఒక రకం చెట్టుకాయల నుంచి తీసేవారు.

ఐదుసార్లలో ఎక్కడో ఒకచోట కాగితం జరుగుతుంది. అందుకే ఆ కాలపు ముక్కల్లో రాజు బుగ్గ మీదికి అంగీ ఎరుపు వచ్చేస్తుంది, కిరీటం పసుపు గీత దాటి పక్కకు పోతుంది. మ్యూజియం వాళ్ళు ఇప్పుడు ఆ తేడాలు చూసే ఇది చేతి పని అని గుర్తుపడతారు. ఆసు నుంచి పది దాకా అంకె ముక్కలకైతే అచ్చుచెక్క కూడా అక్కర్లేదు. గుండెలు, డైమనులు కోసిన కాగితం మీద ఎరుపు పులిమితే చాలు, ఆ ముక్కలు తయారు.

అందరికీ తెలియని పని తరువాత ఉంది. రంగు ఆరిన అట్టను కుంపటి సెగ మీద వేడిచేసి, దాని మీద పొడిసబ్బు రుద్దేవారు. ఆ తరువాత నునుపు పెట్టేవారు. చాలా నున్నగా అరగదీసిన నల్లరాతిని పొడుగాటి కర్ర అడుగున బిగించి, కర్ర పై కొసను ఇంటి కప్పుకు తగిలించేవారు. పనివాడు రెండు చేతులా కర్రను పట్టి ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే రాయి అట్టను ఒత్తుకుంటూ జారుతుంది. ఇప్పటి ముక్క చేతిలో సర్రున జారుతుందంటే ప్లాస్టిక్కు పూత వల్ల. అప్పటి ముక్క జారిందంటే సబ్బు వల్ల, ఆ పనివాడి భుజాల వల్ల.

చివరికి బల్లకు బిగించిన పెద్ద కత్తెరతో అట్టను పట్టీలుగా, పట్టీలను ముక్కలుగా కోసేవారు. అన్ని ముక్కలూ ఒకే కొలతలో రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆటగాడు వేలితో తడిమి ముక్కను పట్టేస్తాడు. తరువాత ఒక్కొక్క ముక్కనూ వెలుతురులో చూసి, మచ్చ ఉన్నవి వేరు చేసేవారు. వీపు మీద చిన్న నలక ఉన్నా అది గుర్తే. అప్పటి ముక్కల వీపు తెల్లగా ఉండేది. ఇప్పటిలా పూల గళ్ళు లేవు.

గొడ్డలి పోయిన తీరు

అచ్చుచెక్క కలకాలం ఉండదు. వేల కాగితాలు తీసేసరికి గీతలు మొద్దుబారతాయి, విరుగుతాయి. కొత్త అచ్చు కావాలి. బొమ్మ కొత్తగా గీసేదెవరు? చెక్కేవాడు పాత పేకలోని ముక్కనే చూసి కొత్త చెక్క మీద దింపేవాడు. ముక్కలో గొడ్డలి తల అంచు దాకా పోయి సగమే పడితే ఇతనికి కర్ర ఒక్కటే కనిపిస్తుంది. కర్రను కత్తి అనుకుని చెక్కుతాడు. అతని తరువాతి వాడు ఆ కత్తినే నమ్ముతాడు. కత్తి మొన తల వెనక్కు పోతుంది. మీసం గీత సన్నగిల్లి ఒకనాడు మాయమవుతుంది. అచ్చు వేసిన కాగితాన్నే బొమ్మ పైకి ఉండేట్లు చెక్కకు అంటించి చెక్కితే, దాని నుంచి తీసిన బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. అందువల్ల కొందరు రాజుల చేతులూ చూపులూ తిరగబడ్డాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. కొనేవాడికి పాత బొమ్మే కావాలి. కొత్త బొమ్మ వేస్తే ఆటలో చెయ్యి తడబడుతుందని కొనడు. పాతదాన్ని మార్చకూడదన్న పట్టుదలే దాన్ని కొంచెం కొంచెం మారుస్తూ వచ్చింది.

రాజులకు అచ్చులోనే కిరీటం ఊడిన కాలం కూడా ఉంది. ఫ్రెంచి విప్లవంలో 1793లో రాజును వధించాక పేకలో మాత్రం రాజులెందుకన్నారు. కొత్త బొమ్మలు వచ్చాయి. అంత ఖర్చు పెట్టలేని పనివాళ్ళు ఉన్న అచ్చుచెక్క మీదే ఉలి పెట్టి కిరీటాలు చెక్కేశారు. కొన్నేళ్ళకే రాజులు మళ్ళీ పేకలోకి వచ్చేశారు.

ఆసు కోసం ప్రాణం

ఇంగ్లండు సంగతి వేరు. అక్కడి పనివాళ్ళు 1628లో రాజు చార్లెస్ నుంచి సనదు పొంది లండనులో సంఘం పెట్టుకున్నారు. విదేశీ పేకల దిగుమతి ఆగింది. రక్షణ దొరికిందని వాళ్ళు సంతోషించి ఉంటారు గాని, సర్కారు కన్ను కూడా వాళ్ళ మీద పడింది. 1711లో పేక ఒక్కంటికి 6 పెన్నీల పన్ను వేశారు. పెంచుకుంటూ పోయి 1801 నాటికి రెండున్నర షిల్లింగులు చేశారు. అంటే 90 ఏళ్ళలో ఐదు రెట్లు.

పన్ను ఎగవేతను ఆపడానికి 1765లో ఒక ఉపాయం పన్నారు. మిగతా 51 ముక్కలూ పనివాడే చేసుకోవచ్చు. ఇస్పేటు ఆసు ఒక్కటి మాత్రం సర్కారు స్టాంపు కార్యాలయమే అచ్చు వేస్తుంది. పన్ను కట్టి ఆసు తెచ్చుకుని పేకలో కలపాలి. దొంగ ఆసు అచ్చు వేస్తే దొంగనోటు వేసినట్లే లెక్క, శిక్ష ఉరి. రిచర్డ్ హార్డింగ్ అనే లండను పేక వ్యాపారి దొంగ ఇస్పేటు ఆసులతో పట్టుబడ్డాడు. 1805లో అతన్ని ఉరితీశారు. ఒక కాగితపు ముక్కకు ఒక ప్రాణం. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న వాళ్ళను మన పల్లెల్లో చూస్తూనే ఉన్నాం, పేక అచ్చు వేసి ప్రాణం పోగొట్టుకున్నవాడు ఇతడు. ఈనాటికీ ప్రతి పేకలో ఇస్పేటు ఆసు మీదే పెద్ద గుర్తు, చుట్టూ అల్లిక, కంపెనీ పేరు ఉంటాయి. అది ఆ స్టాంపు కాలపు ఆనవాలు. ఇంగ్లండులో పేక మీద పన్ను 1960లో గాని పోలేదు.

తెల్లని వీపు చేసిన ఉపకారం

పన్ను కథ చేదుగా ఉన్నా, తెల్లని వీపు కథ వినడానికి బాగుంటుంది. గట్టి అట్ట, ఒక వైపు ఖాళీ. ఆ రోజుల్లో కాగితం ఖరీదైన వస్తువు. వాడేసిన ముక్కల మీద జనం చీటీలు రాసుకునేవారు, పేర్లు రాసి పంపుకునేవారు. 1685లో కెనడాలో ఫ్రెంచి వలస ఉండేది. సైనికులకు జీతాలివ్వడానికి ఫ్రాన్సు నుంచి రావలసిన డబ్బు రాలేదు. ఝాక్ ద మెల్ అనే అధికారి ఊళ్ళోని పేకముక్కలు తెప్పించి, వాటి వెనుక విలువ వేసి, సంతకం చేసి జీతాలుగా పంచాడు. ఓడ వచ్చి డబ్బు చేరాక వాటిని తిరిగి తీసుకున్నారు. అవసరం పడినప్పుడల్లా మళ్ళీ అదే పని చేశారు. పేకాటలో డబ్బు పోవడం అందరికీ తెలుసు, పేకే డబ్బు కావడం అక్కడ జరిగింది. విప్లవకాలంలో ఫ్రాన్సు ప్రభుత్వం మఠాల నుంచి స్వాధీనం చేసుకున్న పుస్తకాల జాబితా రాయడానికి కూడా పేకముక్కలనే వాడమంది. అది 1791 నాటి మాట.

పాడైన అట్టలను పుస్తకాలు బైండు చేసేవాళ్ళు కొనేవారు. పుస్తకం అట్టలో దాచినట్లు అతికిపోయిన ఆ పాత కాగితాలు వందల ఏళ్ళ తరువాత బైండింగు విప్పినప్పుడు బయటపడ్డాయి. ఆడిన ముక్కలు అరిగి పారవేతకు పోయాయి. ఆడకుండా చెత్త కింద అమ్మినవే మిగిలి నేడు మ్యూజియాల్లో అద్దాల వెనుక ఉన్నాయి.

మర వచ్చింది

1830ల మొదట్లో లండనులో థామస్ డి లా రూ అనే అతను రంగులను కూడా అచ్చుయంత్రం మీదే వేసే పద్ధతికి హక్కు సంపాదించాడు. ఇతను అంతకు ముందు గడ్డి టోపీలు చేసి అమ్మినవాడు. ఇక కాగితం కోసి రంగు పులిమే పనివాళ్ళ అవసరం తగ్గిపోయింది. రాజు బుగ్గ మీదికి ఎరుపు రావడం ఆగిపోయింది. వీపు మీద పూలు, గళ్ళు వచ్చాయి. నిలువెత్తు రాజు నడుము దగ్గర తెగి, తలకిందులుగా రెండో రాజు అతుక్కున్నాడు. పూర్వం బొమ్మ ముక్క తలకిందులుగా వస్తే ఆటగాడు దాన్ని తిప్పి పట్టుకునేవాడు. అది చూసి ఎదుటివాడు బొమ్మ పడిందని కనిపెట్టేవాడు. రెండు తలలు వచ్చాక ఆ బాధ పోయింది. మూలల్లో కె, క్యూ, జె అక్షరాలు ఇంకా తరువాత వచ్చినవి.

అప్పటి పేక పనివాళ్ళు ఆ మరను ఎలా చూశారో పెడనలో ఊహించుకోవడం కష్టం కాదు. స్క్రీన్ ప్రింటు వచ్చాక చేతి అచ్చు బట్టకు ఎలాంటి పోటీ వచ్చిందో ఇక్కడి వాళ్ళకు అనుభవమే. బజారులో రెండూ పక్కపక్కనే కలంకారీ పేరుతోనే అమ్ముడవుతాయి. కొనేవాళ్ళలో ఎంతమంది బట్ట తిప్పి చూస్తున్నారు?

యూరపులో మాత్రం ఆ పాత పనిని కొందరు మళ్ళీ పట్టుకున్నారు. బెల్జియంలోని టర్న్‌హౌట్‌లోను, పారిస్ దగ్గర ఇస్సీ అనే ఊళ్ళోను పేకముక్కలకే ప్రత్యేకంగా మ్యూజియాలున్నాయి. అక్కడి పాత కాగితాలు, దుహమెల్ పుస్తకం ముందు పెట్టుకుని, చెక్క చెక్కి, కాగితాలు అతికించి, రంగుకో కాగితం కోసి పేక చేసేవాళ్ళు తయారయ్యారు. వీపు తెల్లగానే వదిలేస్తున్నారు. పాత ముక్కలో రంగు ఎంత పక్కకు జరిగిందో చూసుకుని పని చేస్తున్నారు. రువాన్ నమూనా ఎంచుకుని మొదటి నుంచీ చెక్కుకున్నవాళ్ళ పేకలో ఆటీను రాజు కత్తి పొడుచుకోడు. అతని చేతిలో గొడ్డలి ఉంటుంది.